పడుట నేర్పిన గురువు

వ్యాయామ మనగానే మనవారి కన్నులయెదుట నిలుచునది కొండంత విగ్రహము. వెడల్పయిన రొమ్ము, కండలు తిరిగిన భుజములు, ఇనుప గొలుసులను త్రెంచు బాహువులు, చుట్టును మూగిన జనుల కరతాళధ్వనులు, ఇవియే మన కల్పనలో బలమునకు గుర్తులు. అట్టి విగ్రహము తమకు లేదని తలచి సామాన్యులు వ్యాయామము తమకు సంబంధించిన విషయము కాదని ప్రక్కకు తొలగుచున్నారు. ఈ భ్రాంతిని పోగొట్టుటకు నేడు మేము పాఠకుల ముందుంచదలచినది 5 అడుగుల 2 అంగుళములకు మించని పొట్టి మనుష్యుని చరిత్రము. ఆయన జపాను దేశీయుడు. వృత్తిచే ఉపాధ్యాయుడు. పేరు జిగోరో కానో. నేడు లోకమున ఇంచుమించు అన్ని దేశములందును అభ్యసింపబడుచున్న జూడో విద్యకు ఆయనయే కర్త. ఈయన తన శిష్యులకు మొట్టమొదట నేర్పినది ఎదుటివానిని పడవేయుట కాదు, తాము పడుట. ఆయన జీవితసారమంతయు ఈ యొక్క విషయమున ఇమిడియున్నదని మా యభిప్రాయము.

కానో 1860 సంవత్సరమున కోబె నగరమునకు సమీపమున సముద్రతీరమందున్న మికాగె గ్రామమున జన్మించెను. బియ్యముతో మద్యము చేయుటలో పేరుగన్న కలవారి కుటుంబము వారిది. తండ్రి నౌకావ్యాపారములతో సంబంధముగల ప్రభుత్వోద్యోగి. చదువునందు మిక్కిలి ఆదరముగలవాడు. బాలునకు తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లి గతించెను. పిమ్మట తండ్రి కుమారుని టోకియోకు తోడ్కొనిపోయెను. అది జపాను దేశమున పాత యుగము ముగిసి కొత్త యుగము పుట్టుచున్న సమయము. 1868లో షోగనుల పాలన అంతరించెను. కత్తులు ధరించిన యోధకులముల ప్రాబల్యము తగ్గుచుండెను. పాశ్చాత్య విద్య యందు మోజు పెరుగుచుండెను. బాలుడగు కానో చీనా శాస్త్రగ్రంథములతోపాటు ఆంగ్లమును, జర్మను భాషను గూడ నేర్చెను. చదువునందు చురుకైనవాడే. కాని దేహము పీలది, ఆకారము చిన్నది.

ఆ దినములలో వసతిపాఠశాలలయందు బలముగల బాలురదే రాజ్యము. పదునాలుగేండ్ల వయస్సున అట్టి పాఠశాలయందు చేరిన కానో పెద్ద పిల్లల చేతులలో నానా బాధలు పడెను. తెలివి యున్నను దెబ్బను ఆపుకొనలేని స్థితి ఎంత యవమానకరమో అనుభవించినవారికే తెలియును. మన పాఠశాలలలోను, కళాశాల వసతిగృహములలోను ఇట్టి బాధలు నేటికిని అంతరింపలేదు. బలవంతుని అణచుటకు బలహీనునకు తోడ్పడు జుజుత్సు అను పాతవిద్య యొకటి కలదని కుటుంబమిత్రుడొకడు చెప్పగా బాలుడు విని, దానిని నేర్పుమని ఆయనను వేడుకొనెను. అట్టివాని కిప్పుడు కాలము చెల్లిపోయినదని ఆయన నిరాకరించెను. తండ్రియు సమ్మతింపలేదు. అడిగిన చోటనెల్ల ఇదే సమాధానము వచ్చినను బాలుడు కోరికను విడువలేదు.

1877లో విశ్వవిద్యాలయమున ప్రవేశించిన పిమ్మట కానో తానే గురువును వెదకుకొనెను. వెదకిన రీతి విచిత్రమైనది. ప్రాభవము తగ్గి జీవనము గడవక, జుజుత్సు పండితు లనేకులు విరిగిన యెముకలను సరిచేయుచు పొట్టపోసికొనుచుండిరి. మన పుత్తూరు కట్టువైద్యులవంటి వారి దుకాణముల పలకలు కనబడిన చోటనెల్ల ఆగి, మీకు జుజుత్సు తెలియునా యని విచారించుచు ఆ విద్యార్థి టోకియో వీధులలో తిరిగెను. తుద కట్లు దొరికిన గురువు హచినొసుకె ఫుకుద. ఆయన వ్యాయామశాల పది గడ్డిచాపలు పట్టు చిన్న గది. శిష్యులు బహు కొలదిమంది.

మొదటి పాఠములలో ఒకటి కానో జీవితాంతము మరువలేదు. గురువు తనను ఒక ఒడుపున పడవేసెను. చేయి ఎట్లు పెట్టవలయును, కాలు ఎచట నుంచవలయును అని విశ్వవిద్యాలయ విద్యార్థికి సహజమైన ప్రశ్నలను కానో వేసెను. గురువు దగ్గరకు రమ్మని మరల పడవేసెను. మరల ప్రశ్న, మరల పాటు. వివరించి చెప్పినంతమాత్రమున అబ్బు విద్య కాదిదియనియు, ఎన్నిమారులు చేసిన అంత వచ్చుననియు గురువు తేల్చెను. కానో ఒడలెల్ల గాయములు, కాళ్లకు లేపనపు పట్టీలు. ఆ పట్టీలతోనే తరగతికి పోవుచుండగా సహాధ్యాయులు పరిహసించిరి. ఆయన ఒక్కదినమైనను మానలేదు. దేహము నేర్చుచున్నదానిని బుద్ధితో పరీక్షించు అలవాటును మానలేదు. అభ్యాస విశేషములను పుస్తకమున వ్రాసికొనుచుండెను. గురువు చెప్పిన అభ్యాసమును, తాను కోరిన వివరణమును కలిపి పట్టుటయే ఆయన ప్రత్యేకత.

ఆ వ్యాయామశాలయందే ఫుకుషిమ యను స్థూలకాయుడు గలడు. వానితో తలపడిన ప్రతిమారును కానో ఓడుచుండెను. ఓడినవానికి రెండు మార్గములు గలవు. ఒకటి, వాడు లావుగలవాడు, నేను సన్నని వాడను, ఇది నా కర్మ యని సరిపెట్టుకొనుట. రెండవది, ఆ యోటమిని ప్రశ్నగా మార్చుట. కానో రెండవదానిని గ్రహించెను. సుమో మల్లుల పట్లను విచారించెను. గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యుల మల్లయుద్ధ గ్రంథములు తిరుగవేసెను. ప్రత్యర్థిని భుజములమీదికి అడ్డముగా నెత్తుకొని దొర్లించివేయు ఒడుపు నొకదానిని కనిపెట్టి, స్నేహితులతో అభ్యసించి, ఒకనాడు ఫుకుషిమను పడవేసెను. ఆ ఒడుపు భుజచక్ర మను అర్థమునిచ్చు పేరుతో నేటికిని జూడోయందు నేర్పబడుచున్నది. మనోధైర్య మనగా ఓటమిచే బాధపడకుండుట కాదు. బాధపడిన మరునాడు దాని కారణమును వెదకుటకు కూర్చుండుట. ఇది మాటలలో సులభము. చాపమీద వందమారులు పడినవానికి అది అలవాటగును.

1879లో ఫుకుద గురువు మరణించెను. వ్యాయామశాల భారము యువకుడగు కానోపై పడెను. తన విద్య చాలదని యెరిగి ఆయన మసతొమొ ఇసొ అను మరియొక గురువును ఆశ్రయించెను. 1881లో ఆయనయు గతించెను. పిమ్మట కితొ సంప్రదాయమునకు చెందిన ఇకుబొ వద్ద చేరెను. గురువులు ఒకరి వెనుక ఒకరు పోవుచున్నను శిష్యునిలో అభ్యాసము తెగలేదు. ఇకుబొతో అభ్యసించుచుండగా కానోకు ఒక రహస్యము విశదమయ్యెను. ప్రత్యర్థి లాగిన తాను తోయవలయును. తోసిన తాను లాగవలయును. వాని సమతూకము తప్పిన పిమ్మటనే పట్టు పట్టవలయును.

దీనిని ఆయన లెక్కల రూపమున వివరించుచుండెను. ఎదుటివాని బలము పది, నాది ఏడు అనుకొందము. వాడు తోయగా నేను బిగిసి నిలిచితినా, ఎంత పెనగులాడినను వెనుకకు పోక తప్పదు. అట్లుగాక నా తూకము చెడకుండ, వాడు తోసినంత మేరకే వెనుకకు జరిగితినా, వాడు ముందుకు తూలును. తూలినవాని బలము ఆ క్షణమున మూడే. నా యేడింటిలో సగముతోనే వానిని గెలువవచ్చును. ఈ లెక్క గోదాకు మాత్రమే చెందినది కాదు. కోపము వచ్చినప్పుడును, అపజయము కలిగినప్పుడును, దుర్వార్త విన్నప్పుడును బిగిసి నిలిచి విరిగిపోవువారు గలరు. కొంచెము వంగి, తూకము నిలుపుకొని, మరల లేచువారు గలరు. ఈ రెండవ రీతికే కానో తన విద్యయందు ప్రాధాన్యమొసగెను.

1882లో ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు నిండలేదు. విశ్వవిద్యాలయమున రాజకీయార్థిక శాస్త్రములను ముగించి, తత్త్వశాస్త్రమునుగూడ చదివి, ప్రభువుల బిడ్డలు చదువు పాఠశాలయందు ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ యేడే టోకియోలో ఐషోజి అను బౌద్ధాలయమున కొంత చోటు అద్దెకు తీసికొని తన విద్యాలయమును స్థాపించెను. పండ్రెండు చాపలు, తొమ్మండుగురు శిష్యులు. దానికి కోదోకాన్ అని పేరిడెను. మార్గమును అభ్యసించు నిలయమని దాని యర్థము. జుజుత్సు అను పేరులో చివరిమాటకు నేర్పు అని యర్థము. జూడో అను పేరులో చివరిమాటకు మార్గమని యర్థము. ఒక్క అక్షరమున ఆయన తన ఉద్దేశమును వెల్లడించెను. శిష్యులు పడునప్పుడు ఆలయము అదరి, పితృదేవతల పేళ్లు వ్రాసిన పలకలు కదలుచున్నవని మఠాధిపతి సణుగుచుండెను. నేలపలకలు తరచుగా విరుగుచుండెడివి. రాత్రులు దీపము పట్టుకొని నేల క్రిందికి ప్రాకి ఆ పలకలను బాగుచేసినవాడు గురువగు కానోయే.

పాత జుజుత్సునందు కీళ్లు విరుచు పట్లు, ప్రాణాపాయకరములగు దెబ్బలు అనేకములుండెను. నిర్భయముగా పూర్ణశక్తితో పెనగులాడదగిన వానిని మాత్రము కానో ప్రతిదినాభ్యాసమునకు ఏర్పరచెను. అపాయకరములను క్రమబద్ధమగు ప్రదర్శనరూపమున మాత్రము నిలిపెను. వీని కన్నిటికిని ముందు పాఠము పడుట. గడ్డము రొమ్మునకు తాకించి తలను కాపాడుకొనుట, చేతితో చాపను చరచి దెబ్బను పంచుట, గుండ్రముగా దొర్లి లేచుట. కొత్త శిష్యుడు కొన్నాళ్లు ఇదియే చేయవలయును. పడుట వచ్చినవానికి పడుదు నను భయముండదు. ఆ భయము లేనివాడు బిగిసికొనడు. బిగిసికొనని వాడే ముందడుగు వేయగలడు. ధైర్యము పుట్టుకతో వచ్చు గుణమని మనము తలచుదుము. కానో దానిని అభ్యాసముచే కలుగు అలవాటుగా చేసి చూపెను. 1889లో విద్యావేత్తల సభయందు ఆయన తన విద్యకు మూడు ప్రయోజనములను చెప్పెను. దేహమును పెంపొందించుట, పోరునందు నేర్పు, శీలమును తీర్చుట. మూడవది లేక మొదటి రెండును అసంపూర్ణములని ఆయన బోధ.

ఈ శీలమును ఆయన ఉపన్యాసములకు వదలిపెట్టలేదు. తన యింట విద్యార్థులనుంచుకొని పెంచిన గురుకులమున అందరును తెల్లవారకమునుపే లేవవలయును. గదులు, వాకిళ్లు తామే ఊడ్వవలయును. ఇందు ధనికుల బిడ్డలకును మినహాయింపు లేదు. కోదోకానునందు చలి ముదిరిన దినములలో తెల్లవారుజామున అభ్యాసము, వేసవియందు మండుటెండలవేళ అభ్యాసము ప్రతివత్సరమును జరుగు ఆచారములు. శరీరమును హింసించుట వాని ఉద్దేశము కాదు. రానని మొరాయించు మనస్సును వేళకు తీసికొనివచ్చి చాపమీద నిలుపుటయే అందలి శిక్షణము. నచ్చిననాడు చేసి నచ్చనినాడు మాను వ్యాయామము కండను కొంత పెంచునేమో గాని మనస్సును పెంచదు. అభ్యాసమునకు ముందును వెనుకను ప్రత్యర్థికి తలవంచి నమస్కరించుట మరియొక నియమము. తన్ను పడవేయువాడు లేనిదే తనకు విద్య రాదను జ్ఞానము ఆ నమస్కారమున గలదు.

కానోను గోదాలోని గురువుగా మాత్రమే ఎంచుట పొరపాటు. ఆయన జీవితములో అధికభాగము పాఠశాలల పాలనయందు గడచెను. 1891లో కుమామొతొ నగరమందలి ఉన్నత పాఠశాలకు అధ్యక్షుడయ్యెను. సుప్రసిద్ధ రచయిత లాఫ్కాడియో హెర్న్ అచట ఆయన క్రింద ఆంగ్లోపాధ్యాయుడు. 1895లో ప్రచురించిన గ్రంథమున ఆయన ఈ విద్యను గూర్చి వ్రాసి పాశ్చాత్యులకు తెలియజేసెను. 1893 మొదలు 1920 వరకు, నడుమ కొలది విరామములతో, కానో టోకియో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. దేశమునకు ఉపాధ్యాయులను తయారుచేయు ఆ కళాశాలలో దూరపు పరుగు, ఈత, జూడో మున్నగువానిని ఆయన ప్రోత్సహించెను. ఒక్క ఉపాధ్యాయునకు మంచి యలవాట్లు నేర్పిన అవి వందలకొలది బాలురకు సంక్రమించునని ఆయన లెక్క. చీనా విద్యార్థులకై ఆయన స్థాపించిన పాఠశాలయందే చీనా నవీన సాహిత్యమునకు మూలపురుషుడగు లూ షున్ 1902 మొదలు రెండేండ్లు చదివెను. 1917లో యువకుడగు మావో జెడాంగు వ్యాయామమును గూర్చి వ్రాసిన వ్యాసములో ఆ కాలపు ప్రసిద్ధులలో ఒకనిగా కానోను పేర్కొనెను.

ఇచట పాఠకులకు మన కోడి రామమూర్తినాయుడు తప్పక జ్ఞప్తికి వచ్చియుండును. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, రొమ్ము పొంగించి ఇనుప గొలుసులను త్రెంచి కలియుగ భీముడని కీర్తిగాంచి, 1942లో గతించిన ఆ మహాబలుని స్మరణ ఆంధ్రులకు గర్వకారణము. ఆయన సాధనను మేము తక్కువ చేయుట లేదు. మాకు గల విచారము ప్రేక్షకులను గూర్చియే. డేరాలో కూర్చుండి చప్పట్లు చరచినందున చరచినవాని రొమ్ము అంగుళమైనను పెరుగదు. మన గ్రామములలో తాలింఖానాలుండెను; దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పు ఉస్తాదులుండిరి. వానిలో అధికభాగము పీర్ల పండుగనాటి వేడుకగా మిగిలి, ప్రతిదినపు సాధనగా నిలువకపోయెను. కానోకు ఈ భేదము బాగుగా తెలియును. వ్యాయామము దేహమునంతటిని సమముగా పెంచవలయును, ఆసక్తిని కలిగింపవలయును, నిత్యజీవితమునకు ఉపయోగపడవలయును అని ఆయన కోరెను. చాపలు, జతకాడు లేని సామాన్యులు ఇంటనే చేయదగిన కదలికల వరుసనుగూడ వృద్ధాప్యమున ఆయన కూర్చెను.

1909లో ఆయన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున సభ్యుడయ్యెను. ఆసియా ఖండమునుండి ఆ సంఘమున చేరినవారిలో ఆయనయే ప్రథముడు. 1912లో స్టాక్‌హోం నగరమున జరిగిన క్రీడలకు జపాను తరఫున పోయిన ఆటగాండ్రు ఇద్దరే. వారిలో ఒకడు కానో కళాశాలలో చదువుచున్న షిజో కనకురి. మారథాను పరుగునాడు ఎండ తీవ్రమై ఆతడు నడుమనే సొమ్మసిల్లెను. అవమానముతో తిరిగివచ్చినవాడు ఇంట దాగికొనలేదు. దేశమున దూరపు పరుగును వ్యాపింపజేయుటకు పూనుకొనెను; నేటికిని జపానీయులు లక్షలకొలది చూచు హకొనె వంతుపరుగు 1920లో మొదలగుటకు కారకులలో ఒకడయ్యెను. 1967లో స్వీడను వారాహ్వానింపగా పోయి, ముసలితనమున ఆ పాత పరుగు గమ్యమును దాటెను. నడుమ గడచినది 54 ఏండ్లు. పడినవాడు లేచుట కిట్టి నిదర్శనము అరుదు.

స్త్రీల విషయమునను కానో తన కాలమునకంటె కొంత ముందుండెను. 1926లో కోదోకానునందు స్త్రీల శాఖను నెలకొల్పెను. తన తొలి గురువగు ఫుకుద మనుమరాలు కెయికో ఫుకుదను తానే ఆహ్వానించెను; ఆమె 1935లో చేరెను. పొట్టిదగు ఆ స్త్రీ జీవితాంతము ఆ విద్యను బోధించి, 2013లో తొంబదితొమ్మిదవ యేట అమెరికాయందు గతించెను. కానో పిమ్మటివారు స్త్రీలకు అయిదవ శ్రేణికి మించి ఇయ్యరాదని కట్టడి చేయుటచే ఆమె పెక్కేండ్లు ఒకే మెట్టుపై నిలిచిపోయెను. 2011లో అమెరికాలోని సంస్థ ఆమెకు పదియవ శ్రేణి నిచ్చెను. ఆమె ఓర్పును మెచ్చుకొనుచునే, ఓర్చుకొనవలసివచ్చిన అన్యాయమును మేము మరువరాదు. మన దేశమునకును ఈ విద్య వచ్చెను. 1929లో రవీంద్రుని యాహ్వానముపై షింజో తకగాకి అను గురువు శాంతినికేతనమునకు వచ్చి బాలురకును బాలికలకును నేర్పెను.

1922లో కానో తన బోధనమును రెండు సూత్రములుగా కుదించెను. శక్తిని సద్వినియోగము చేయుట మొదటిది. తానును ఇతరులును కలిసి వర్ధిల్లుట రెండవది. మొదటిదానిచే వ్యర్థమగు కోపము, వ్యర్థమగు పెనగులాట, వ్యర్థమగు దిగులు దోషములగును. రెండవదానిచే బలము తన కొరకు మాత్రమే యున్నచో అది అసంపూర్ణమని తేలును. ఈ రెండవ సూత్రమే ఆయన దేశమున అగ్నిపరీక్షకు గురియయ్యెను.

1931లో జపాను ప్రభుత్వము మధ్యమ పాఠశాలలలో జూడోనో కత్తిసామునో తప్పనిసరి చేసెను. బాలురకు నేర్పు శిక్షణము క్రమక్రమముగా సైన్యపు అవసరములకు లొంగిపోయెను. కానో ప్రభుత్వమునకు సన్నిహితుడు, ప్రభుసభయందు సభ్యుడు. దేహబలమును లోకమైత్రికి వినియోగింపవలయునని ఆయన నమ్మెను. కాని దానిని యుద్ధమునకు వినియోగించుచున్నవారిని ఆపగల శక్తి ఆయనకు లేకపోయెను. 1940 నాటి ఒలింపిక్ క్రీడలను టోకియోకు రప్పించుటకు ఆయన వృద్ధాప్యమున దేశదేశములు తిరిగెను. 1936లో అది ఫలించెను. మరుసటి యేడే చీనాతో యుద్ధము చెలరేగెను. 1938 మార్చిలో కైరోయందు జరిగిన సభలో ఆ క్రీడలను నిలుపుకొని, తిరుగు ప్రయాణమున మే 4వ తేదీన హికవ మారు అను ఓడపై నడిసముద్రమున న్యుమోనియాచే మరణించెను. అప్పటికాయన వయస్సు 77 ఏండ్లు. రెండునెలలు దాటగానే జపాను ఆ క్రీడలను వదలుకొనెను. యుద్ధానంతరము దేశము నాక్రమించినవారు పాఠశాలలలో జూడోను నిషేధించిరి. 1950లో మరల అనుమతించిరి. వ్యాయామమునకు శీలము తోడుండిన చాలదు. ఆ శీలము అధికారమునకు ఎదురు నిలువగలిగినదై యుండవలయును. ఇది ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసిన కఠినమగు పాఠము.

మరియొక కఠినమగు విషయమును దాచరాదు. 1983 తరువాతి సుమారు ముప్పదియేండ్లలో జపాను పాఠశాలలలో జూడో నేర్చుచు నూరుగురికి పైగా బాలబాలికలు మరణించిరి. తలకు తగిలిన దెబ్బలే వారిలో అనేకుల మృతికి కారణము. పడుట సరిగా రాని కొత్త పిల్లలను బలముగా పడవేయుట, అలసినవారిని విడువకుండుట, గాయమును లెక్కింపకుండుటను మొగతన మనుకొనుట ఇందలి దోషములు. కానో మొదటి పాఠమును మరచినవారి చేతులలో కానో విద్యయే ప్రాణాంతకమయ్యెను. మనస్థైర్యము పేరున పిల్లలను హింసించు శిక్షకులు మన దేశమునను గలరు. వారికి మా మనవి యొకటియే. భయపెట్టుటచే ధైర్యము పుట్టదు. సురక్షితముగా పడనిచ్చి, లేవనిచ్చి, మరల పడనిచ్చుటచే అది పుట్టును.

1964లో టోకియోలోనే ఒలింపిక్ క్రీడలు జరిగెను. జూడోకు ఆ క్రీడలలో అదియే ప్రథమ ప్రవేశము. దేహభారముతో నిమిత్తములేని పోటీయందు హాలండు దేశీయుడగు ఆంటన్ గేసింక్, జపాను వీరుడగు కమినాగను సొంతగడ్డపై ఓడించెను. ఉత్సాహము పట్టలేక అతని దేశీయులు చాపమీదికి పరుగెత్తిరాగా గేసింక్ చేయెత్తి వారిని ఆపెను. ముందుగా ఓడినవానికి తలవంచి నమస్కరింపవలయును. ఆ క్షణమున గెలిచినది హాలండైనను, నిలిచినది కానో బోధయే.

నేటి వైద్యశాస్త్రము వ్యాయామము హృదయమునకు మాత్రమే గాక మనస్సునకును మేలుచేయునని, దిగులును ఆందోళనమును తగ్గించునని చెప్పుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యతరగతి శ్రమను, బాలురకు దినమునకు సగటున 60 నిమిషముల శ్రమను నిర్దేశించెను. ఐరోపాలో కొన్నిచోట్ల వృద్ధులకు జూడోనుండి గ్రహించిన పడు పద్ధతులను నేర్పుచున్నారు. ముసలితనమున పాటు ఎంత అపాయకరమో మన యిండ్లలో తెలియనివారు లేరు. కాని మన పాఠశాలలలో ఆటల గంట పేరునకు మాత్రమే యుండి, పరీక్షలు సమీపింపగానే లెక్కల గంటగా మారిపోవుచున్నది. ఒక్క పరీక్ష తప్పినందున ప్రాణములు తీసికొను బాలబాలికల వార్తలను మనము ప్రతివత్సరమును చదువుచున్నాము. వారికి మనము గెలుచుటను గూర్చి ఎంతయో చెప్పితిమి. పడుటను మాత్రము నేర్పలేదు. అట్టి దుఃఖమునకు కారణములు పెక్కులు. వ్యాయామ మొక్కటియే దానికి మందని మేము చెప్పజాలము. అయినను ఓటమి చావు కాదని దేహమునకు చిన్ననాడే తెలిసియున్నచో, మనస్సునకు అది కొంత ఊతమగును.

దీనికి గొప్ప వ్యాయామశాలలు అక్కరలేదు. పండ్రెండు చాపలతో కానో మొదలుపెట్టెను. ఊరి పాఠశాలయందు గడ్డిపరచిన మూల యొకటి, ఓపికగల ఉపాధ్యాయు డొకడు, దినమునకొక గంట చాలును. తల్లిదండ్రులు ఆ గంటను పిల్లలనుండి లాగికొనకుండిన మరియు మంచిది. పిల్లవాడు ఆనాడు ఎన్ని మార్కులు తెచ్చెనని అడుగు తండ్రి, ఎన్నిమారులు పడి లేచెనని కూడ అడుగు దినము రావలెనని మా కోరిక.